గాలివానకు ముందే నేర్వవలసిన పాఠము

కార్తిక మాసము వచ్చినదనిన తీరపు రైతు కన్ను ఆకాశముమీదనే యుండును. వరి కంకి బరువునకు వంగియుండును. సముద్రమున వాయుగుండము పుట్టినదని వినినంతనే గుండె ఝల్లుమనును. చేని నీరు తీయుట యెట్లు, పడిన పైరును లేవనెత్తి కట్టుట యెట్లు, కంకిలో గింజ మొలకెత్తకుండ ఉప్పునీరు చల్లుట యెట్లు అను సంగతులు మనలో మనము ఏటేట చెప్పుకొనుచునే యున్నాము. ఈ మాసము పంటను విడిచి, గాలివాన వెలిసిన తరువాత పోవు మనుష్యుల ప్రాణములను గూర్చియు, వానిని నిలుపుటకై గ్రామారోగ్యోద్యోగులకు ఇయ్యవలసిన శిక్షణమును గూర్చియు వ్రాయబూనితిని. నేను వైద్యుడను గాను, చేలగట్లపై తిరుగువాడను. ఈ విషయము నన్నెట్లు పట్టుకొన్నదో ముందుగా చెప్పవలెను.

2009 అక్టోబరు మొదటి వారమున కృష్ణకు మహావరద వచ్చెను. కర్నూలు పట్టణము మునిగెను. ప్రకాశము బ్యారేజి దాటి పదకొండు లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయెను. నీరు తీసిన నాలుగవ దినమున నేనొక లంక గ్రామమునకు పంట నష్టము వ్రాసికొనుటకై పోయితిని. ఇసుక మేట వేసిన గట్టుమీద నడచుచుండగా ఒక కూలి స్త్రీ రెండేండ్ల బిడ్డను భుజముపై వేసికొని ఎదురు వచ్చెను. బిడ్డకు ముందునాటి రాత్రినుండి విరేచనములు. కండ్లు లోతునకు పోయినవి. ఏడ్చుచున్నను కన్నీరు రాకుండెను. "బాబూ, మీ సంచిలో మందేమైనా ఉందా?" అని ఆమె యడిగెను. నా సంచిలో కొలత టేపును, కాగితములును దప్ప మరేమియు లేవు. ఆ యూర మందుల బీరువా యుండెను, అందు ఓ.ఆర్.ఎస్. పొట్లములు నుండెను, తాళము చెవి మాత్రము పట్టణమందున్న మరియొకరి యొద్ద నుండెను. పడవ దొరికి బిడ్డను ఆవలి యొడ్డు చేర్చునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. ఆ బిడ్డ దక్కలేదు.

ఆ యూర ప్రతి యింటను ఉప్పుండెను. సహాయపు బియ్యముతోపాటు చక్కెరయు పంచియుండిరి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, గీసి కొలిచి కలిపి, గుటకగుటకగా పట్టించుచు పడవకొరకు వేచియుండవలసినది. పడిన వరికి లీటరు నీటికి ఏబది గ్రాముల ఉప్పని నిద్రలో లేపి యడిగినను చెప్పగలవాడను; వాడిపోవుచున్న బిడ్డకు లీటరు నీటికి ఎంత ఉప్పో నాకు తెలియకపోయెను. తాళము చెవి లేకపోవుట యొకరి లోపమైనచో, ఇది నా లోపము.

ఇది డాక్టర్లే చేయవలసిన పని గాదా యని కొందరనవచ్చును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయమున సరిహద్దునందలి బన్‌గాఁవ్ శరణార్థుల శిబిరమున కలరా చెలరేగినపుడు నరములకెక్కించు సెలైను చాలకపోయెను. అచటి వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పును, గ్లూకోజును, సోడాను కొలిచి నీటిలో కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పదివరకు పోవుచుండిన ప్రాణములు నూటికి నాలుగింటికి లోపునకు దిగినవి. నాడు పనిచేసిన చేతులు చాలవరకు తల్లులవి, అన్నదమ్ములవి. వారికి కావలసినదెల్ల సరియైన కొలతయు, ముందుగా చూపించినవారొకరును.

మన తీరమునకు ఆపద క్రొత్తది గాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరును ముంచినపుడు సుమారు 30,000 మంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టినపుడు సుమారు 10,000 మంది. నాగాయలంక, కోడూరు ప్రాంతముల పెద్దలలో ఆ రాత్రిని తలచుకొని కంట నీరు పెట్టనివారు లేరు. 1990 మే 9న వచ్చిన తుపాను బలమున దానికి తీసిపోవునది గాదు. అయినను మరణములు వేయికి లోపుననే యుండెను. లక్షన్నరకు పైబడిన జనమును ముందుగానే మెరకకు తరలించుటయే దానికి ముఖ్య కారణము. పొరుగున ఒడిస్సాలోను ఇంతే. 1999 అక్టోబరు 29 నాటి తుపానున సుమారు 10,000 మంది పోగా, 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానుకు ముందు సుమారు పది లక్షల మందిని కదిలించిరి. మృతులు పదుల సంఖ్యలోనే యుండిరి.

కావున ప్రాణములతో జనమును కదిలించుట నేర్చితిమి. కదిలించిన తరువాత వారిని పదిదినములు ఆరోగ్యముతో నిలుపుట రెండవ పాఠము. ఈ రెండవ పని పట్టణపు పెద్ద ఆసుపత్రిది గాదు. గండిపడి, చెట్లు కూలి, బాట తెగిన దినమున ఊరిలో మిగులువారు ఎవరు? మైదానములలో సామాన్యముగా వేయిమందికొకరు చొప్పున నుండు ఆశా కార్యకర్త. అయిదువేలమందికొక ఉపకేంద్రమున నుండు ఏ.ఎన్.ఎమ్.; ముప్పదివేలమందికొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, అందలి వైద్యాధికారి. వీరికి ఆపత్కాలపు పని వచ్చునా రాదా యనుటపైననే మన యింటివారి ప్రాణములు ఆధారపడియున్నవి.

శిక్షణములు జరుగక పోలేదు. నేను చూచిన వానిలో కొన్ని చాపలు పరచిన గదిలో, పంకా క్రింద, తెరపై బొమ్మలు చూపి, భోజనముతో ముగిసినవి. వరుసనాటును గోడమీద బొమ్మ గీసి చెప్పినచో మనలో నెవరైన నమ్మితిరా? పొరుగువాని చేనిలో నాటి, గంట పెట్టిన పిలకలను లెక్కించి చూపిన పిమ్మటనే గదా తాడు పట్టితిరి. ఆరోగ్యోద్యోగి పాఠమును అట్లే తన యూరి బావియొద్దనే నేర్వవలెను. అట్టి శిక్షణమొకటి గత సంవత్సరము మే నెలలో ఒక డెల్టా గ్రామమున జరుగగా చూచితిని. పురుగుమందుల విషయమై రెండు మాటలు చెప్పుటకు నన్నును పిలిచిరి.

వైద్యాధికారిణి చిన్న వయస్సుదే. ఆమె ఉపన్యాసమీయలేదు. ఉదయము తొమ్మిది గంటలకు ఒక కాగితము చదివెను: "ఇప్పటికి డెబ్బది రెండు గంటలలో తుపాను తీరము దాటవచ్చును. ఇక మీ మీ పని చేయుడు." వాతావరణ శాఖవారు సాధారణముగా 72 గంటలకు ముందొక కబురు, 48 గంటలకు ముందొకటి, 24 గంటలకు ముందు గట్టి హెచ్చరిక యిచ్చెదరు, శిక్షణపు దినమున ఒక్కొక్క కబురుకు రెండేసి గంటలు కేటాయించిరి. (రేవులో ఎగురవేయు ప్రమాద సూచిక సంఖ్యను జూచి మనవారు ఊరి గడియలు లెక్క వేయుచుందురు. అది ఓడలకొరకు పెట్టినది. ఊరికి పనికివచ్చునది పై కబురే.)

మొదటి పని గర్భిణుల జాబితా. ఏ.ఎన్.ఎమ్. పుస్తకమున నెలలు నిండినవారు అయిదుగురు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి వచ్చి, ఆరుగురనిరి. పుస్తకములోని యొకరు పురిటికి పుట్టింటికి పోయిరి. పొరుగూరినుండి మరియొకరు పురిటికి ఈ యూరికే వచ్చియుండిరి. ఇంకొకరు ఊరిచివర ఇటుకబట్టీ పాకలో నుండిరి. బట్టీ కూలీలు ఏ పుస్తకమునను లేరు. వారు తన పొలమున నున్నారని తెలిసిన రైతు అక్కడనే నిలువబడి, "నన్ను ఎవరూ అడగలేదు గదమ్మా" అనెను. ఆమె నవ్వి, "అడగనక్కరలేదు బాబాయ్, వాళ్లు వచ్చిన రోజే మీరు చెప్పాలి" అనెను. ఈ మాటను ప్రతి సభ్యుడును చెవిని పెట్టుకొనవలెను. నాట్లకో కోతకో బట్టీకో మనము పిలిపించిన కూలీల లెక్క మనకు దప్ప మరెవరికి తెలియును? కాన్పు దగ్గరపడిన వారిని 48 గంటల కబురుకే ఆసుపత్రికి చేర్చవలెను. గాలి లేచిన పిమ్మట ఏ బండియు రాదు. ఆ జాబితా ప్రక్కనే చక్కెర వ్యాధివారు, రక్తపుపోటువారు, క్షయకు మందు మ్రింగుచున్నవారు, రక్తశుద్ధికి పట్టణమునకు పోవువారు. వీరందరికి రెండు వారముల మందు చేతికీయవలెను. రక్తశుద్ధివారిని మందుతో గాక మనిషినే పట్టణమునకు పంపవలెను.

రెండవ పని సొసైటీ గోదాము. బ్లీచింగు పౌడరు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, లాంతరులు అందే నిలువచేసియుండిరి. ఆమె గడియారము చూచి, "కార్యదర్శిగారు ఊరిలో లేరనుకొనుడు. గోదాము తెరువుడు" అనెను. ఎవరును కదలలేదు. కొందరు నవ్విరి. నాకు లంక గ్రామపు బీరువా కండ్లకు కట్టినది. తరువాత సంఘపు పెద్దలు అక్కడికక్కడనే నిశ్చయించిరి: చెవులు మూడు, ఒకటి కార్యదర్శి యొద్ద, ఒకటి ఆశా కార్యకర్త యొద్ద, ఒకటి గోదాము ప్రక్కయింటివారి యొద్ద, ఎవరి యొద్ద నున్నదో తలుపుమీద రంగుతో వ్రాయవలెను. ఖర్చు రెండు చెవులు చేయించు మాత్రమే.

గోదాము తెరిచిన పిమ్మట పౌడరు సంచి మూతి ఏడాదిగా విప్పియే యున్నదని తెలిసెను. గడ్డలు కట్టినది, ముక్కునకు పెట్టి చూచినను ఘాటు లేదు. మంచి పౌడరులో నూటికి 33 వంతుల క్లోరిను ఉండును. గాలి, వెలుతురు, తేమ తగిలినచో అది ఎగిరిపోయి సున్నమే మిగులును. అట్టి సున్నమును ఎన్ని గంపలు పోసినను క్రిమి చావదు. మనయొద్ద ఇంకొక అలవాటు గలదు: అధికారి వచ్చుచున్నాడనిన బాటకిరుప్రక్కల, బావి చప్టాచుట్టును ముగ్గు వేసినట్లు పౌడరు చల్లుదురు. చూచుటకు తెల్లగా నుండును. త్రాగునీటికి దానివలన లాభము లేదు.

బావియొద్ద జరిగినది విపులముగా వ్రాసెదను, ఏలయన అది రైతు చేతి పని. నీరెంత యున్నదో తెలియనిదే పౌడరెంతో తెలియదు. ఏ.ఎన్.ఎమ్. తడబడుచుండగా ఒక ముసలి రైతు, "ఆరున్నర మూరల అడ్డం, రెండు నిలువులకు పైన నీళ్లు" అని తడుముకొనక చెప్పెను. నా టేపుతో కొలువగా అడ్డము 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు. అడ్డమును అడ్డముతో గుణించి, లోతుతో గుణించి, 3.14తో గుణించి, నాలుగింట భాగించిన ఘనమీటర్లు వచ్చును. ఇచట 28, అనగా 28,000 లీటర్లు. వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పౌడరు చొప్పున 70 గ్రాములు. గుప్పెడు! గంపలకొలది పోయువారు ఆ పొట్లమును జూచి నమ్మలేకపోయిరి.

ఆ పొడిని బొక్కెనలో కొద్దినీటితో ముద్దగా కలిపి, పిమ్మట ముప్పాతిక వరకు నీరు పోసి, కలియబెట్టి, పది నిమిషములు కదపక యుంచవలెను. సున్నము అడుగునకు దిగును. పైతేటను వేరొక బొక్కెనలో వంచుకొని, బావిలోనికి దింపి, నీటిలోపలనే పైకి క్రిందికి ఆడించవలెను. అడుగు మడ్డిని బావిలో పోయరాదు, నీరు చవుడెక్కును. గంట గడువక ముందు ఎవరును తోడరాదు. రాత్రి, ఊరివారు తోడుకొనుట మానిన పిమ్మట చేసినచో మేలు. గంట తరువాత చిన్న గొట్టములో నీరు తీసి పరీక్షించు మందు చుక్కలు వేయగా పసుపువన్నె రావలెను. ఆ వన్నెను డబ్బామీది వన్నెలతో సరిపోల్చి లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలినదా యని చూతురు. వరి ఆకును రంగుల పటముతో సరిపోల్చి యూరియా నిర్ణయించు మనకు ఇందేమియు క్రొత్త లేదు. మిగులు తక్కువైనచో మరల మందు వేయవలెను. వరదనీరు దిగిన బావికి ఈ 70 గ్రాములు చాలవు. బురదనీటిలో క్లోరిను బురదకే ఖర్చగును. మొదట ఇంజనుతో ఆ నీరు తోడిపోసి, ఊట నీరు తేరిన పిమ్మట మందు వేసి, పరీక్ష నిలుచువరకు పెంచవలెను. కలరా కనబడిన దినములలో ప్రతిదినము వేయవలసినదే. ఉప్పెన నీరు చొచ్చిన మంచినీటి చెరువు సంగతి వేరు. క్లోరిను క్రిమిని చంపునుగాని ఉప్పును తీయదు. అట్టి యూరికి నీటిబండి యెక్కడనుండి రావలెనో ముందుగానే వ్రాసిపెట్టుకొనవలెను.

మధ్యాహ్నము పాముకాటు. వరదలో పాములును మనవలెనే మెరకకు చేరును. తుపాను షెల్టరులో, బడిలో అందరును నేలపై పండుకొందురు. కట్లపాము తిరుగునది రాత్రి, కరచునది నిద్రపోవువారిని. దాని గాటు కొన్నిమారులు కంటికే ఆనదు. తెల్లవారి కనురెప్పలు వాలిపోవుటయే గుర్తు. దోమతెర అంచులను పరుపుక్రిందికి దోపుకొని పండుకొనుట దీనికిని మంచి రక్ష. రక్తపింజరి కాటును గుర్తించుటకు వైద్యాధికారిణి యొక సులభమైన పరీక్ష చూపెను. రోగి రక్తము 2 మిల్లీలీటర్లు క్రొత్తదైన పొడి గాజు గొట్టములో తీసి, 20 నిమిషములు కదపక నిలిపి, వంచి చూడవలెను. గడ్డకట్టక పారినచో విషమెక్కినదన్నమాట. విరుగుడు మందు వెంటనే మొదలుపెట్టవలెను. సబ్బుతో కడిగిన గొట్టమైనచో పరీక్ష తప్పును. విరుగుడు మందులో పొడి రకము గలదు. విద్యుత్తు పోయి శీతలపెట్టె ఆగినను అది చెడదు గావున తుపానుకు ముందు ఆ రకమునే తెప్పించుకొనవలెనని ఆమె చెప్పెను. మనము చేయవలసినది కొంచెమే: త్రాడు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, కాటుపడిన అవయవమును కదలకుండ బద్దతో కట్టి, మనిషిని నడిపింపక మోసికొని పోవుడు.

పిదప నా వంతు వచ్చినది. మన యిండ్లలో పురుగుమందు డబ్బాలు మంచముక్రిందను, ధాన్యపు గాదెప్రక్కను ఉండును. వరదలో మొదట తేలునవి అవే. ఖాళీ డబ్బా కడిగి సహాయపు నీరు పట్టుకొనువారిని నేను కన్నులార చూచితిని. ఎన్నిమారులు కడిగినను అది త్రాగునీటికి పనికిరాదు. 72 గంటల కబురు వినగానే మందులన్నిటిని అటకమీదికెక్కించి, ఖాళీవానికి మేకుతో చిల్లులు పొడువవలెను. నోట చొంగ, ఒంట చెమట, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట కనబడినచో అది కలరా గాదు, మందు విషమే కావచ్చునని ఆశా కార్యకర్తలకు చెప్పితిని, వారు వ్రాసికొనిరి. ఎలుక జ్వరమును గూర్చియు మాట వచ్చెను. గట్లలోని ఎలుకల మూత్రము వరదనీట కలియును. కాలి పగులులనుండి క్రిమి మనిషిలో చేరును. 2018లో కేరళలో వరద తీసిన పిమ్మట ఈ జ్వరము విరివిగా వ్యాపించెను. బురదలో దిగి పనిచేయక తప్పనివారికి వారమునకొకమారు డాక్సీసైక్లిను మాత్ర, వైద్యుని సలహాపై, ఇచ్చు పద్ధతి గలదు. ఎవరికీయవచ్చునో, గర్భిణులకును పిల్లలకును ఏమి చేయవలెనో ఉద్యోగులు ముందే నిర్ణయించుకొనవలెను.

ఒక భయమును మాత్రము వైద్యాధికారిణి తీసివేసెను. శవములవలన మహామారి పుట్టునని మనవారి నమ్మకము. తుపానులో దెబ్బకు, నీటికి చనిపోయినవారి దేహములు సాధారణముగా తెగుళ్లు వ్యాపింపజేయవు. త్రాగునీటిలో పడిన కళేబరమును వెంటనే తీయవలెను గాని, గుర్తుపట్టువారు రాకముందే తొందరపడి మూకుమ్మడిగా పూడ్చనక్కరలేదు. మొదటి దినపు శ్రమ బ్రతికియున్నవారి నీటికే పెట్టవలెను.

సాయంకాలము అందరును వేపచెట్టు క్రింద కూర్చుండి తప్పులు లెక్కించిరి. జాబితా తప్పు, చెవి లేదు, పౌడరు చచ్చినది, టీకా మందులు మోయు పెట్టెకు మంచుపలకలు గట్టిపడలేదు, ఇద్దరి ఫోను సంఖ్యలు మారినవి. ఎవరును ఎవరిని నిందింపలేదు. "ఇవన్నీ ఈరోజే బయటపడ్డాయి, అదే మేలు" అని ఆమె యనెను. అక్టోబరు గాలులకు ముందు, సెప్టెంబరులో మరల ఇదే దినము నడిపెదమని నిశ్చయించి లేచిరి. సెప్టెంబరున నేను పోయి చూచితిని. గోదాము తలుపుమీద మూడు పేర్లుండెను. బావి చప్టామీద నల్లరంగుతో "అడ్డము 3 మీ.; 4 మీ. నీటికి 70 గ్రా." అని వ్రాసియుండిరి. బట్టీ పాకలు ఖాళీ; కాని ఆ రైతు నాట్లకు వచ్చియుండిన కూలీల పేర్లు, వయస్సులతోసహా, చీటీమీద తెచ్చి ఏ.ఎన్.ఎమ్. చేతికిచ్చెను.

మన సంఘపు గ్రామములలోను ఇట్టి దినమొకటి నడుపుడని ఆరోగ్య కేంద్రమువారిని అడుగవలసినది మనమే. అంతకు ముందు సభ్యులు చేయగలవి గలవు. మీ మీ బావుల అడ్డమును, నీటి లోతును కొలిచి కార్యదర్శికి వ్రాసి యీయుడు. లెక్క వేసి యిచ్చు పని నాది. డీజిలు ఇంజను గలవారు బావి తోడుటకు, ట్రాక్టరు గలవారు రోగిని బాటవరకు చేర్చుటకు తమ పేర్లను గోదాము పుస్తకమున వ్రాయింపుడు. పుస్తకము బల్లమీదనే యుండును. దానికి తాళము లేదు.